తలకిందులయ్యే బొంగరం

చిన్నా,

నీ ఉత్తరం అందింది. చదువు పూర్తిచేసి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్తున్న నీ గది స్నేహితుడికి కర్రతో తమాషా వస్తువేదైనా చేసివ్వాలని ఉందని రాశావు. కొనివ్వడం కాదు, చేసివ్వాలని నీకు తోచినందుకు చాలా సంతోషించాను. కానీ నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాక మనసు కలుక్కుమంది. దారం లాగితే నోరు తెరిచి ఆవలించే కుంభకర్ణుడు, కింద నీ స్నేహితుడి పేరు!

క్లాసులో కునుకు తీస్తాడని మీరంతా వాడికి ఆ పేరు పెట్టారు. వాడు సాయంత్రం హోటల్లో లెక్కలు రాసి రాత్రి ఒంటిగంటకి గదికొస్తాడనీ, ఆ డబ్బుతో చెల్లెలి ఫీజు కడతాడనీ అదే ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడు నాన్నా.

ఇది నీకు చెప్పే హక్కు నాకెలా వచ్చిందో విను. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక స్నేహితుడి పెళ్లికి లక్క బొమ్మ చేసి తీసుకెళ్లాను. వాడికి ఎత్తుపళ్లు. బొమ్మకీ అవే పెట్టాను, తెల్లగా మెరిసేలా. విడిదింట్లో అది చేతులు మారుతుంటే అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. మర్నాడు పందిరి విప్పుతుంటే ఆ బొమ్మ అరుగు కింద దొరికింది. ఆ తర్వాత కూడా వాడు నాతో మాట్లాడేవాడు, మా ఇంటికి వచ్చేవాడు. కానీ నా ఎదుట ఎప్పుడు నవ్వినా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పోయేదాకా అలాగే నవ్వాడు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ చెయ్యి నేటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని తమాషా మానేయమనను. తమాషా వాడి లోపంలోంచి కాదు, వాడి ముచ్చటలోంచి పుట్టాలి. చిన్నప్పుడు బొంగరాన్ని నేల తాకనివ్వకుండా అరచేతి మీదికి తీసుకునేవాడనీ, ఇప్పటికీ మెస్సులో పెన్ను మూతలు తిప్పుతూ కూర్చుంటాడనీ రాశావు కదా. వాడికి బొంగరం చెయ్యి. మామూలు బొంగరం కాదు, తిరుగుతూ తిరుగుతూ తనంతట తానే తలకిందులై కాడ మీద నిలబడి తిరిగేది. 1951లో స్వీడన్‌లోని లుండ్‌లో తీసిన ఫొటో ఒకటుంది. నోబెల్ బహుమతి పొందిన నీల్స్ బోర్, వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఇద్దరూ పిల్లల్లా నడుం వంచి ఆ బొంగరాన్నే చూస్తుంటారు. అంత పెద్దవాళ్లని వంచిన ఆటవస్తువు నీ స్నేహితుడికి చిన్నతనం కాదు.

చేయడం చెబుతాను. బాగా ఎండిన అంకుడు కర్ర కావాలి, పచ్చిదైతే తర్వాత పగులుతుంది. లేతు మిషన్ మీద గుండ్రటి బంతి తీసి, పైభాగం కొంత కోసి, కోసిన వైపు తొర్ర తొలిచి, నడిమధ్య పొట్టి కాడ బిగించు. తొర్ర వల్ల బరువు అడుగుకి దిగుతుంది. బొటనవేలితో, చూపుడువేలితో కాడని పట్టి గట్టిగా తిప్పి వదిలితే, నేల రాపిడికి అది మెల్లగా ఒరిగి, కాడ నేలకి ఆనగానే లేచి నిలబడుతుంది. అలా లేవకపోతే తొర్ర ఇంకాస్త లోతు చెయ్యి.

రంగు దగ్గర మన ఏటికొప్పాక పద్ధతి వదలకు. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లక్కలో కలుపుతారు. మిషన్ మీద తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఈ ప్రకృతి రంగులని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొంగరం నడుముకి పసుపు వెయ్యి, అడుగుకి జాఫ్రా రంగు వెయ్యి. నిలబెట్టినప్పుడు కనబడని ఆ అడుగు, బొంగరం తలకిందులవగానే పైకొచ్చి ఎర్రగా వెలుగుతుంది. ఎక్కడైనా పగులు కనిపిస్తే లక్కతో కప్పెయ్యకు. ఇంకోటి చెయ్యి.

కుంభకర్ణుడి కాగితం చించెయ్యి. వాడి కంట పడనివ్వకు. కబుర్లలో కూడా ఆ పేరుతో పిలవడం మానెయ్యి. మిగతా పిల్లలు పిలుస్తుంటే నువ్వే ఆపు. ఇది బొంగరం చేసివ్వడం కన్నా కష్టం, అయినా నువ్వు చెయ్యగలవు.

అంకుడు దుంగ ఒకటి పోయిన వేసవి నుంచీ మన చావట్లో ఆరుతోంది. నీ కోసం పక్కన పెట్టాను. పండక్కి నాలుగు రోజులు ముందుగా రా.

మీ పెద్దనాన్న