బదరీవృక్షము క్రింద కూర్చున్న పెద్దలు

తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞ మనకందరికిని తెలిసినదే. అయితే సన్మానించుటయనగా వారిని ఏ పనియు ముట్టనీయక అరుగుమీద కూర్చుండబెట్టుటయేనా? "మీకెందుకత్తయ్యా, కూర్చోండి" అని కోడలు చేతిలోని చేట తీసికొనును. ప్రేమతోనే తీసికొనును. కొన్నాళ్లకు ఆ తల్లి సరిగా తినదు, నిద్రపోదు, ప్రార్థన కూటమునకు రాదు. వయస్సు మీరినదని కొందరు, విశ్వాసము చల్లారినదని కొందరు అందురు. ఈ రెండవ మాట నాకు బొత్తిగా సమ్మతము కాదు.

1 రాజులు 19వ అధ్యాయము చదువుడి. కర్మెలు మీద అగ్ని దిగుట చూచిన ఏలీయాయే బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. అతనికి విశ్వాసము లేదందుమా? దేవదూత గద్దింపలేదు, ప్రసంగము చేయలేదు. తట్టి లేపి, రొట్టెయు నీళ్లును చూపి, మరల పండుకొననిచ్చి, రెండవమారు తట్టి లేపెను. అప్పుడు ఏలీయా హోరేబువరకు నడిచెను. దుఃఖము తీరిన పిమ్మట నడువలేదు సుమా! హోరేబులోను అతని మొఱ్ఱ మారలేదు, అదే మాట రెండుసార్లు చెప్పెను. దేవుడు అతనికి పని అప్పగించెను, ఎలీషాను తోడిచ్చెను.

డిప్రెషన్ అను ఈ క్రుంగుదలకు నేటి వైద్యులు చేయు ఒక చికిత్సయు ఇట్టిదే. మనస్సు బాగైన తరువాత లేచెదనని వేచియుండక, చిన్న పనిని ముందు నియమించుకొని చేసినయెడల మనస్సు మెల్లగా వెంట వచ్చును. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో వైద్యులు కాని సామాన్యులకు తర్ఫీదునిచ్చి 495 మంది రోగులతో దీనిని పరీక్షించిరి. చికిత్స పొందినవారిలో ఎక్కువమంది కోలుకొనిరని 2017లో ప్రచురించిరి. వారు 65 ఏండ్లకు మించనివారే. అయినను 65 దాటినవారు కూడ వారమునకు 150 నిమిషములైనను చురుకుగా నడుచుట వంటిది చేయవలెననియు, చేతగానివారు చేతనైనంత చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది.

"ఊరకే కూర్చున్నావు, లే" అని కసరుట చికిత్స కాదు. చేట తిరిగి ఆమె చేతికిండు. ఎండ ముదరకముందే చెయ్యి పట్టుకొని వీధి చివరవరకు నడిపించుడి; మోకాళ్లు నొచ్చినచో సగము దూరమే చాలును. చదువు వచ్చిన తాతగారిచేత పిల్లలకు కంఠత వాక్యములు చెప్పింపుడి. ఇట్టివి మందులకు బదులు కావు. చావు మాట ఎత్తువారిని, అన్నము మానినవారిని ఒంటరిగా విడువక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపొండు. ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడుదురు, ఖర్చు లేదు.

పిల్లలు పట్టణములలోను పరదేశములలోను ఉండగా ఒంటరిగా మిగిలిన విధవరాండ్రు మన సంఘములలో అనేకులు. ప్రతి ఉదయము ఎవరి తలుపు ఎవరు తట్టవలెనో స్త్రీల సమాజమువారు ఈ నెలలోనే కూర్చుండి పేర్లు వ్రాసికొందురుగాక.