శఠారి తెలుపు ధర్మము

తీర్థము పుచ్చుకొని తలవంచి నిలిచిన భక్తుని శిరమున అర్చకస్వాములు శఠారి నుంతురు. స్వామి పాదుకలకు ఆ పేరు శఠకోపులైన నమ్మాళ్వారుల వలన కలిగినది. తిరుక్కురుగూరున కారి, ఉదయనంగ దంపతులకు జనించిన ఆ శిశువు ఏడువలేదనియు, పాలు త్రాగలేదనియు గురుపరంపర చెప్పుచున్నది. తలిదండ్రులు ఆ బిడ్డను విడనాడక, ఆదినాథుని సన్నిధికి గొనిపోయి చింతచెట్టు నీడను చేర్చిరి. పదునారేండ్లకు మధురకవి వచ్చి ప్రశ్నింపగా ఆ మౌనమునుండి వేదార్థము వెలువడినది.

ఆళ్వారులది అవతారవిశేషమే గాని వ్యాధి గాదు. అయినను కదలని దేహమున తెలివి లేదని తలపరాదను ధర్మము ఇందు గలదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి, మెడ నిలువని బిడ్డను భుజమున వేసికొని దేవునికడపకో, గండి ఆంజనేయుని సన్నిధికో వచ్చు తల్లులు కలరు. వైద్యులు ఈ స్థితిని మస్తిష్క పక్షవాతము, అనగా సెరిబ్రల్ పాల్సీ అందురు. గర్భమందు గాని, ప్రసవవేళ గాని, పుట్టిన కొలదికాలమునకు గాని మెదడునకు హాని కలుగుటచే ఇది వచ్చును. నెలలు నిండక పుట్టుట, పుట్టగనే ఊపిరి యాడకపోవుట, పచ్చకామెర్లు మితిమీరుట కారణములలో కొన్ని. ఇది అంటువ్యాధి కాదు. గ్రహణవేళ తల్లి కదలుటచే వచ్చినదియు కాదు. అవయవములు వశము కాకున్నను బుద్ధి చక్కగా నున్న పిల్లలు పెక్కుమంది కలరు.

“తల్లి చేసిన పాపము” అని పలుకువారు కర్మసిద్ధాంతము నెరిగినవారు కారు. పరుల కర్మను తూచు అధికారము శాస్త్రము ఎవ్వరికిని ఈయలేదు. ఆర్తుని ఆదుకొనుటయే విధించినది.

మ్రొక్కులు మ్రొక్కవచ్చును, మ్రొక్కు తీరువరకు చికిత్సను ఆపరాదు. దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు. కాని తొలి రెండు మూడేండ్లలోనే వ్యాయామచికిత్స ఆరంభించినచో కీళ్లు బిగుసుకొనుట తగ్గును. కూర్చుండుట, నిలుచుట నేర్చు బిడ్డలును కలరు. పండుకొనబెట్టి ఉగ్గు పోసిన అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కావున కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంగునట్లు పట్టి, చిక్కని రాగిజావను చిన్నచెంచాతో మెల్లగా పెట్టవలెను. తిరుమల యాత్రకు పోవువారు తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రియందు బిడ్డను చూపింపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ స్థితిని పేర్కొని, నిర్ణీత ప్రమాణమునకు తగ్గని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్యను హక్కుగా నొసగినది.

ఈ భారమును తల్లి యొక్కతెకే విడువరాదు. తండ్రియు, అవ్వతాతలును పంచుకొనవలెను. దినమునకు రెండుమారులు ఆ చిన్నికాళ్లను సాచి వంచుటయు కైంకర్యమే. అట్టి బిడ్డతో తల్లి ఆలయమునకు వచ్చినపుడు వరుసలోని భక్తులు చోటొసగి, ముందు ఆ చిన్నితలపై శఠారి నుంచనిత్తురు గాక!