రాని క్లాసుకి ఫీజు కట్టాలా?



నేను బ్యాడ్మింటన్ నేర్చుకునే చోట, వాట్సాప్ గ్రూప్‌లో ఈమధ్య ఒక వాదన నడిచింది. మా కోచ్ ఒక్కొక్కరికీ విడిగా క్లాసు చెబుతారు. ఆయన రూల్ చాలా సింపుల్. రాలేకపోతే 12 గంటల ముందు చెప్పాలి, ఇంకో రోజు క్లాసు పెడతారు. చెప్పకుండా మానేస్తే ఆ రోజు ఫీజు పోయినట్టే. దానికి ఒకతను, "ఆడని ఆటకి డబ్బులేంటి సర్? ఫలం ఆశించకూడదని గీతలోనే ఉంది కదా" అని రాశాడు. సరదాగా అన్నదే, కానీ ఆ ప్రశ్న గురించి చాలా ఆలోచించాను.

ముందు లెక్క చూద్దాం. ఉదయం 6 గంటల స్లాట్ నాకిచ్చారంటే, అదే టైం అడిగిన ఇంకొకరికి "ఖాళీ లేదు" అని చెప్పారన్నమాట. కోర్టు ఆయన సొంతం కాదు, గంటల లెక్కన అద్దెకి తీసుకుంటారు. నేను వెళ్లినా వెళ్లకపోయినా ఆ అద్దె కట్టాల్సిందే. 6:20కి "సారీ సర్, ఇప్పుడే లేచా" అని మెసేజ్ పెడితే ఆ గంట ఇక ఎవరికీ పనికిరాదు.

రైలు వెళ్లిపోయాక "నేను ఎక్కలేదుగా" అని టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతామా? అడగం. కోచ్‌ని మాత్రం అడుగుతాం. ఎందుకంటే ఆయన మనిషి, మొహమాటపడతారు. మనతో మంచిగా ఉండేవాళ్ల టైమే మనకి చవగ్గా కనిపిస్తుంది. పతంజలి చెప్పిన ఐదు యమాల్లో అస్తేయం ఒకటి, అంటే దొంగతనం చేయకపోవడం. ఒకరి గంటని వృథా చేసి ఖరీదు ఇవ్వకపోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుందని నాకనిపిస్తుంది.

ఇక గీత సంగతి. రెండో అధ్యాయం 47వ శ్లోకంలో కృష్ణుడు మాట్లాడుతున్నది పని చేయాల్సిన అర్జునుడితో, అతను తన మనసుని ఎలా ఉంచుకోవాలో. ఎదుటివాళ్ల కష్టానికి డబ్బులు ఎగ్గొట్టమని ఆ శ్లోకం ఎక్కడా చెప్పదు. జీతం ఒక్కరోజు లేటైతే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టే మనం, నిష్కామకర్మని కోచ్‌కి మాత్రమే గుర్తుచేస్తే ఎలా?

కాళిదాసు రఘువంశం ఐదో సర్గలో కౌత్సుడి కథ ఉంది. చదువు పూర్తయ్యాక గురువు వరతంతువు, "నీ సేవే చాలు, దక్షిణ వద్దు" అంటాడు. శిష్యుడు వినడు, ఇస్తానని పట్టుబడతాడు. చివరికి గురువుకి కోపమొచ్చి 14 కోట్లు తెమ్మంటాడు! కౌత్సుడు రఘుమహారాజు దగ్గరికి వెళ్లి మరీ ఆ దక్షిణ సంపాదిస్తాడు. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, "వద్దు" అన్నది గురువు, "ఇస్తాను" అన్నది శిష్యుడు. మనం ఈ రెండు మాటల్నీ తారుమారు చేస్తున్నాం.

"మరి జ్వరం 12 గంటల ముందు చెప్పి వస్తుందా?" అంటారా? నిజమే. అలాంటప్పుడు మంచి కోచ్ వదిలేస్తారు, వదిలేయాలి కూడా. మా కోచ్ అయితే డాక్టర్ చీటీ కూడా అడగరు. కానీ అది ఆయన చూపించే దయ. దాన్ని మన హక్కు అనుకుంటేనే గొడవ.

కోచ్‌కీ ధర్మం ఉంది. రూల్ మొదటి రోజే చెప్పాలి, తర్వాత చెప్పి కోత పెట్టడం అన్యాయం. తాను చెప్పకుండా మానేస్తే ఆ క్లాసు ఉచితంగా ఇవ్వాలి. ముందే చెప్పిన రూల్ ఉంటే ఇద్దరి మధ్యా కోపం పేరుకోదు. రూల్ లేకపోతే ఆ నష్టం ఎప్పుడో ఫీజు పెంపుగా మారి, రోజూ టైంకి వచ్చేవాళ్ల మీద పడుతుంది.

సంగీతం టీచర్ అయినా, యోగా టీచర్ అయినా ఇదే వర్తిస్తుంది. రేపు వెళ్లలేమని ఈ రాత్రే తెలిస్తే ఈ రాత్రే ఒక్క మెసేజ్ పెడదాం. మర్చిపోతే, వాళ్లు అడగకముందే ఫీజు పంపేద్దాం. వద్దంటారో తీసుకుంటారో వాళ్లిష్టం.

మీరేమంటారు? కామెంట్స్‌లో రాయండి. శుభం.