రంగు సాక్ష్యం: తర్కశాస్త్రం ముందు పసుపు క్యాప్సికం

రంగును చూసి పోషకాన్ని నిశ్చయించవచ్చునా అన్నది వంటింటి సందేహంగా కనిపించినా, అది ప్రత్యక్షం ఎక్కడ ముగిసి అనుమానం ఎక్కడ మొదలవుతుందన్న పాత దార్శనిక ప్రశ్నయే. కంటికి తెలిసేది రంగు మాత్రమే. పోషకం ఉన్నదనడం అనుమానం, అనగా కనిపించే గుర్తును బట్టి కనిపించని దానిని తెలుసుకోవడం. ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ప్రకారం, హేతువనబడే ఆ గుర్తుకూ సాధ్యమనబడే, సాధించదలచిన అంశానికీ తప్పిపోని సాహచర్యం, అంటే వ్యాప్తి, ఉంటేనే అనుమానం నిలుస్తుంది.

ఈ నియమాన్ని క్యాప్సికం రంగుతో పరీక్షిద్దాం. ఆకుపచ్చ క్యాప్సికం మొక్కమీదే పండి, రకాన్ని బట్టి పసుపో ఎరుపో అవుతుంది. 100 గ్రాముల ఆకుపచ్చ కాయలో సి విటమిన్ సుమారు 80 మిల్లీగ్రాములుండగా, పసుపుదానిలో అది 180 దాటుతుంది. వయోజన పురుషునికి భారత వైద్య పరిశోధన మండలి సూచించిన రోజు మోతాదు 80 మిల్లీగ్రాములే. ఇంతవరకు రంగు మంచి సాక్షియే. అయితే మామిడిపండులో, క్యారెట్టులో చూసిన అలవాటుకొద్దీ పసుపు ఉన్నచోటల్లా ఎ విటమిన్ దండిగా ఉంటుందనుకుంటే సాక్ష్యం వీగిపోతుంది. ఇక్కడి పసుపుకు ప్రధాన కారణాలు ల్యూటిన్, వయోలాజాంథిన్ వంటి వర్ణకాలు. శరీరం వీటిని ఎ విటమిన్‌గా మార్చుకోలేదు. అందుకు పనికివచ్చే బీటా కెరోటిన్ 100 గ్రాముల పసుపు కాయలో సుమారు 120 మైక్రోగ్రాములు, ఆకుపచ్చదానిలో 200, ఎర్రదానిలో 1,600. సాధ్యం లేనిచోట కూడా కనిపించే ఇటువంటి హేతువును న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులు సవ్యభిచారమని తోసిపుచ్చుతారు.

తర్కసంగ్రహానికి వ్యాఖ్యానమైన న్యాయబోధిని, గడ్డిలో మాగవేసిన మామిడిని ఉదాహరించి, రంగును మార్చే పాకం, అనగా వేడి సంయోగం, వేరు, రుచిని మార్చే పాకం వేరు అంటుంది. రంగు తిరిగినా పులుపు పోని కాయ ఉంటుంది గనుక. దీనిని ఆధునిక రసాయనశాస్త్రానికి ముందుచూపుగా పొగడడం అతిశయోక్తే గాని, ఒక గుణం మారినంత మాత్రాన మిగిలినవీ మారినట్లు భావించరాదన్న వివేకం అందులో స్పష్టంగా ఉన్నది. పొయ్యిమీది పాకమూ ఇటువంటిదే: వేయించిన ముక్కలో పసుపు చాలావరకు నిలుస్తుంది, సి విటమిన్ మాత్రం వేడికి తగ్గుతుంది. కాబట్టి పసుపు క్యాప్సికాన్ని సి విటమిన్ కోసం పచ్చిగా తినడం యుక్తం, ఎ విటమిన్ కోసమైతే ఎర్రదే ఎంచుకోవాలి.