గరుడాద్రిపై గుడ్లగూబ కూత

ఒకప్పుడు కర్నూలు జిల్లాలోను, నేడు నంద్యాల జిల్లాలోను ఉన్న అహోబిలమునకు గరుడాద్రి యను పేరు కలదు. శ్రీనృసింహుని దివ్యరూపమును కన్నులార దర్శింపగోరి గరుత్మంతుడు అచట తపమొనరించెనని స్థలపురాణము. ఒక పక్షి తపస్సుచే పావనమైన ఆ నల్లమల అడవిలోనే, సంధ్యవేళ మరొక పక్షి కూత చెవిని పడినంతనే యాత్రికులు కొందరు ఉలికిపడుదురు. అది గుడ్లగూబ కూత. గరుడునకు చేతులు మోడ్చిన మనస్సే గుడ్లగూబను అశుభమని ఏల తలచవలెను? రెండింటియందును అంతర్యామియై ఉన్నవాడు ఒక్కడే కదా!

కర్నూలు, కడప జిల్లాల మెట్టచేలలో పంటను తినివేయు ఎలుకలను రాత్రివేళ వేటాడి రైతునకు మేలుచేయునది ఈ పక్షియే. దాని రెక్కల అంచులు దువ్వెన పండ్లవలె ఉండుటచే ఎగురునప్పుడు చప్పుడు కాదు. కనుగ్రుడ్లు కదలవు కనుక మెడనే వెనుకకు త్రిప్పి చూచును. ఈ సహజగుణములనే జనులు భూతప్రేతములతో ముడిపెట్టిరి. క్షుద్రపూజలకై దానిని బలియిచ్చువారు నేటికిని దేశమున కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నేరముగా పరిగణించినను, చట్టము చేతిని ఆపునే గాని మనస్సులోని భయమును తీర్పజాలదు.

ఆ భయమును తీర్చుటకు గాయపడిన గుడ్లగూబనే గురువుగా నిలిపినవారు కలరు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున హ్యూస్టన్ అను చిన్న ఊరు ఉన్నది. ఆలిస్ అను గుడ్లగూబ 1997లో పిల్లగా ఉన్నప్పుడే గూటినుండి పడి, రెక్క విరిగి, అడవిలో బ్రతుకజాలనిదాయెను. అది ఆ ఊరి ప్రకృతి కేంద్రమున ఏండ్ల తరబడి బాలబాలికల యెదుట నిలిచి తన జాతిపై వారికి ప్రేమ కలిగించెను.

ఇచట ఒక ధర్మసందేహము పుట్టును. ఆకాశమున తిరుగవలసిన జీవిని మన బోధకొరకు నిలిపియుంచుట దయయా, బంధనమా?

సమాధానమునకు కడప జిల్లావైపు చూడవలెను. కలివికోడియు గుడ్లగూబవలె రాత్రి సంచరించు పక్షియే. 1900 తరువాత కానరాక నశించెనని తలపబడిన ఆ పక్షి, 1986 జనవరిలో లంకమల కొండల చెంత మరల దొరికెను. రాత్రి దీపపు వెలుగున దానిని పట్టి, శాస్త్రజ్ఞులకు చూపుటకై ప్రాణముతో తెచ్చిరి. ఎవరికిని దురుద్దేశము లేదు. అయినను చెరలో అది అనతికాలమునకే మరణించెను. లోకమునకు జ్ఞానము కలిగెను. పిమ్మట ఆ జాతి రక్షణకై అభయారణ్యమును ఏర్పడెను. కాని ఆ ఫలము ఆ ఒక్క పక్షికి దక్కలేదు.

ఆలిస్‌కు అడవి తలుపు అంతకుముందే మూతపడినది. కలివికోడికి అది తెరచియే ఉండెను. భేదమంతయు ఇందే కలదు. ఎగురగల పక్షిని విడిచిపెట్టుట ధర్మము. ఎగురలేని దానిని పోషించుట కైంకర్యము. దాని ఆకలి, దాని నిద్ర, దాని బెదురు ముందు. చూడవచ్చినవారి ముచ్చట తరువాత. ఈ క్రమము తారుమారైననాడు విద్యాలయము చెరసాల యగును.

రెక్కలు తెగి నేలకూలిన జటాయువు వలననే శ్రీరామునకు సీతమ్మ జాడ తెలిసినది. వార్త తెలిసినది కదా యని ప్రభువు ఆ పక్షిని విడిచి సాగిపోలేదు. కన్నీరు కార్చి, తండ్రికివలె దహనసంస్కారము జరిపెను. గాయపడిన జీవినుండి జ్ఞానము పొందినవాడు దానికి పుత్రునివలె ఋణపడి ఉండునని స్వామి ఆచరించి చూపెను. అహోబిలపు దారిలో గుడ్లగూబ కూత వినబడినప్పుడు భక్తులు స్మరింపవలసినది ఆ ఋణమునే.