పసుపు బాణాలు

స్పెయిన్‌లో సాంతియాగోకు నడిచే యాత్రికులకు ఓ సెబ్రెయిరో కొండ ఎక్కే రోజు కఠినమైనది. ఎత్తు దాదాపు 1,300 మీటర్లు. చీకటితోనే నడక మొదలవుతుంది. మధ్యాహ్నానికి వీపు మీది సంచి తప్ప మరో ఆలోచన ఉండదు. దారి చీలినచోట రాతి మీదో, గోడ మీదో పసుపు బాణం గుర్తు కనిపిస్తే చాలు, ప్రాణం లేచివస్తుంది.

ఆ గుర్తులు వేయడం మొదలుపెట్టింది ఆ కొండమీది చర్చి ఫాదర్ ఎలియాస్ వాలిన్యా. 1980లలో, ఈ పాత దారిని జనం దాదాపు మరచిపోయిన కాలంలో, రంగు డబ్బాలు కారులో వేసుకుని ఊరూరా తిరిగి బాణాలు వేశారాయన. 1989లో కన్నుమూశారు. ఇప్పుడు ఏటా లక్షలమంది సాంతియాగో చేరుతున్నారు. అక్కడ అపొస్తలుడైన యాకోబు సమాధి ఉందని వారి విశ్వాసం. నా దృష్టిలో ఆ సమాధి ఎంత పవిత్రమో, కుంచె పట్టిన ఆ చేయీ అంతే పవిత్రం. ఈ ఉదయం ఆ ఫాదర్ పేరు మీతో కలిసి తలచుకోవాలనిపించింది.