చక్రవర్తి బొమ్మ, ఊరి దేవుడి వెండి

టైబీరియస్ చక్రవర్తి వెండి దేనారియస్ నాలుగు గ్రాములు కూడా తూగదు. ఒకవైపు ఆకుల కిరీటం పెట్టుకున్న అతని తల, చుట్టూ లాటిన్‌లో అతను దివ్యుడైన అగస్టస్ కుమారుడన్న చాటింపు. రెండోవైపు కూర్చున్న స్త్రీమూర్తి, అతను రోమ్ ప్రధాన పురోహితుడన్న బిరుదు. రాజు, దేవుడి కొడుకు, పూజారి, ముగ్గురూ ఒకే మనిషి అని ఆ చిన్న బిళ్ల చెబుతుంది. ఇంగ్లండ్ పొలాల్లో, గుట్టల మీద ఇప్పటికీ బయటపడే తొలి రోమన్ చక్రవర్తుల వెండిలో ఇలాంటి నాణేలున్నాయి.

పన్ను కట్టాలా వద్దా అని యేసును ఇరకాటంలో పెట్టబోయినవాళ్లు చూపించిన నాణెం ఇదేనని సంప్రదాయంగా నమ్ముతారు. బొమ్మ ఎవరిదని ఆయన ఎదురడిగాడు. రాజుకు చెల్లించాల్సింది వేరు, దేవుడికి చెల్లించాల్సింది వేరు అని తేల్చాడు. మరి రాజు బొమ్మ ఉన్న వెండినే ఎవరైనా తీసుకెళ్లి దేవుడికి సమర్పిస్తే? అది ఎవరిదవుతుంది? ఇలా అడగడం తర్కం కోసం కాదు. ఆ మాట పుట్టిన రెండు మూడు దశాబ్దాల్లోపే సామ్రాజ్యానికి మరో కొసన జనం ఆ పని చేసి చూపించారు.

అంతకన్నా ముందు టైబీరియస్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. స్పెయిన్ ప్రజలు తనకు గుడి కడతామని వస్తే అతను వద్దన్నాడని, తాను చావు తప్పని మనిషినేనని సెనేట్‌లో అన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ మనిషి పేరు మీదే టంకశాల ఏళ్ల తరబడి దైవ వారసత్వాన్ని వెండి మీద కొడుతూ పోయింది. చక్రవర్తి నమ్మకం ఏదైనా, సామ్రాజ్యానికి కావలసిన నమ్మకం వేరు. సైనికుడి జీతం ఏడాదికి 225 దేనారియస్‌లు. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి దండు బ్రిటన్‌లో దిగినప్పుడు ఆ జీతాలతోపాటు ఈ చాటింపూ దిగింది.

దాని భారం కోల్చెస్టర్‌లో తెలిసింది. దైవత్వం పొందిన క్లాడియస్ పేర అక్కడ గుడి లేచింది. పూజారులుగా ఎంపికైన స్థానికులు భక్తి పేరిట తమ ఆస్తులు ధారపోయాల్సి వచ్చిందని టాసిటస్ చెబుతాడు. దానికి తోడు అప్పులు. సంపదకు బానిస కావద్దని బోధించిన తత్వవేత్త సెనెకా, బ్రిటన్ జనానికి నాలుగు కోట్ల సెస్టర్స్‌లు, అంటే కోటి దేనారియస్‌లు, బలవంతపు అప్పుగా ఇచ్చి ఒక్కసారిగా వసూలుకు దిగాడని చరిత్రకారుడు కాసియస్ డియో ఆరోపించాడు. డియోకు సెనెకా అంటే గిట్టదు కాబట్టి ఆ అంకెను కొంత తగ్గించి చూసుకోవచ్చు. కానీ క్రీ.శ. 60-61లో బ్రిటన్ రాణి బౌడికా తిరుగుబాటు ఆ గుడిదాకా వచ్చింది. అందులో తలదాచుకున్నవాళ్లు రెండు రోజులు నిలబడ్డారు, అంతే. ఆ గుడి పునాదుల మీద ఇప్పుడు నార్మన్ కోట ఉంది.

తిరగబడటం ఒక జవాబు. లెస్టర్‌షైర్‌లోని హాలటన్ దగ్గర గుట్ట మీద దొరికింది మరో రకం జవాబు.

2000 సంవత్సరంలో అక్కడ బయటపడ్డ బంగారు, వెండి నాణేలు 5,000 పైచిలుకు. ఎక్కువ భాగం ఆ ప్రాంతపు కొరియల్‌టావి తెగవి. వాటి మధ్య రోమన్ వెండి కూడా ఉంది, గణతంత్ర కాలం నుంచి తొలి చక్రవర్తుల దాకా. పాతిపెట్టిన కాలం రోమన్ దండయాత్రకు అటూ ఇటూ. అది గోడలూ కప్పూ ఉన్న గుడి కాదు, కందకంతో హద్దు గీసిన బయలు. నాణేలు ఎక్కువగా ఆ హద్దులోకి వెళ్లే దారి దగ్గర పాతారు. అక్కడే కుక్కను కూడా పూడ్చారు. పక్కనే కుప్పలుగా పంది ఎముకలు, జనం కలిసి తిన్న విందుల గుర్తులు. వెండి రేకు తొడిగిన రోమన్ గుర్రపు దళం శిరస్త్రాణం కూడా ఆ మట్టిలోనే దొరికింది.

అక్కడ ఏ దేవుణ్ని కొలిచారో పేరు మిగల్లేదు. మిగిలింది ఇచ్చిన తీరు. దివ్యుడి కొడుకునని చెప్పుకునే బొమ్మను, తమ తెగ గుర్రం బొమ్మ నాణేలతో కలిపి, తమ దేవుడి ముంగిట పాతేశారు. బొమ్మ తుడిచెయ్యలేదు, దానికి మొక్కనూ లేదు. వాళ్ల లెక్కలో పవిత్రత ముద్రలో లేదు, ఇవ్వడంలో ఉంది.

బాత్ పట్టణంలో సులిస్ మినర్వా దేవత వేడినీటి ఊటలోనూ అదే కనిపిస్తుంది. 1979-80లో జరిగిన తవ్వకాల్లో ఆ నీటి అడుగున 12,000కు పైగా రోమన్ నాణేలు దొరికాయి. రైలు రాజమండ్రి వంతెన మీదికి రాగానే కిటికీలోంచి గోదావరిలోకి రూపాయి విసిరే చెయ్యి, ఆ రూపాయి మీద ఏం అచ్చేసి ఉందో చూడదు. బాత్‌లోనూ చూసినట్టు లేదు.

ఇదే వెండి తెలుగు నేల మీదా దొరికింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో బయటపడ్డ దేనారియస్‌లు వెయ్యికి పైనే, అగస్టస్, టైబీరియస్‌లవి. అది సముద్ర వర్తకం తెచ్చిన ధనం. నాణెం ఒకటే, దాని మీది చాటింపూ ఒకటే. హాలటన్‌లో అది మొక్కుబడి, ఇక్కడ సంపద. తేడా అంతా ఇచ్చిన, దాచిన మనుషుల మనసులోనే ఉంది.

ఆ మనసుకు ఇంగ్లండ్ చట్టం వందల ఏళ్లు విలువ ఇచ్చింది. పాత నిబంధన ప్రకారం, మళ్లీ వచ్చి తీసుకుందామని దాచిన వెండి బంగారాలే రాజుకు చెందే నిధి. తిరిగి తీసుకునే ఉద్దేశం లేకుండా వదిలింది నిధి కాదు. దేవుడికి ఇచ్చిందీ అంతే. వినడానికి భక్తుడికి దక్కిన గౌరవంలా ఉంటుంది. కానీ 1980లలో సరీలోని వాన్‌బరో గుడి స్థలం మీద దోపిడీగాళ్లు పడి వేల నాణేలు తవ్వుకుపోయినప్పుడు ఆ నిబంధన రక్షణకు అడ్డయింది. అవి కానుకలైతే నిధి కాదు మరి! ఆ దోపిడీ చట్టం మార్పుకు ఒక పెద్ద కారణమైంది. 1996లో వచ్చిన నిధుల చట్టం ఉద్దేశాన్ని అడగదు. 300 ఏళ్లు దాటి, పదో వంతైనా వెండో బంగారమో ఉన్న నాణేలు ఒకే చోట రెండు దొరికితే నిధే. మ్యూజియం కొనదలిస్తే మార్కెట్ ధర కడతారు. ఆ సొమ్ము సాధారణంగా దొరికినవాళ్లూ నేల యజమానీ పంచుకుంటారు.

భక్తుడి ప్రశ్నను చట్టం వదిలేసింది, నిజమే. అయినా పాతదానికన్నా ఇదే మేలు. ఉద్దేశం నాణెంలో దాగి ఉండదు. అది పడి ఉన్న చోటులో, లోతులో, పక్కన దొరికిన పంది ఎముకలో ఉంటుంది. హాలటన్‌లో దొరికినదాన్ని దాచకుండా చెప్పడం వల్లే తవ్వకం జరిగింది, ఆ గుట్ట కథ తెలిసింది. వాన్‌బరో నుంచి పోయిన నాణేలు ఎవరి అల్మారాలోనో ఉండవచ్చు, కానీ వాటిని ఎలా పాతారో, దేనితో పాతారో ఇక ఎవరూ చెప్పలేరు. దుక్కిలో ఒంటరిగా తేలిన దేనారియస్‌కు సాధారణంగా ఈ చట్టం కూడా వర్తించదు. అది దొరికిన మనిషి పురావస్తు నమోదు పథకానికి వెళ్లి, చోటు ఎక్కడో చెప్పడం స్వచ్ఛందమే. చెబితే ఆ వెండి ఎవరి చేతిలోంచి జారిపడిందో, ఎవరి మొక్కో అడగడానికి వీలుంటుంది.